అమెరికాలో ఒకటో తరగతి: క్లాసుకంతా వాలెంటైన్ కార్డులు ఎలా చేయించాలి?

మీరు అడిగింది ఇదీ: క్లాసులో 22 మంది, టీచర్ పేర్ల లిస్టు పంపారు, పాపతో ఇంట్లోనే కార్డులు చేయించాలని ఉంది, లోపల క్యాండీ పెట్టొచ్చా, అసలు ఈ వయసులో ఇదేంటి అని.

చివరిదానికి ముందు చెప్తాను. ఎలిమెంటరీ స్కూల్లో ఇది ప్రేమికుల రోజు కాదండీ, స్నేహితుల రోజు. కార్డు మీద ‘హ్యాపీ వాలెంటైన్స్ డే, ఫ్రెండ్’ అని ఉంటే చాలు. దుకాణంలో కొంటే మాత్రం ‘బీ మైన్’ లాంటి మాటలున్న సెట్లు పక్కన పెట్టండి.

లెక్క చూసుకోండి. లిస్టులో మీ పాప పేరు తీసేస్తే 21. టీచరుకొకటి, అసిస్టెంటుకొకటి, పాడైతే పనికొచ్చేలా ఇంకో రెండు. మొత్తం 25. ఒక్క బిడ్డకు తక్కువైనా మొత్తం శ్రమ వృథా అయినట్టే, ఎందుకంటే ఆ ఒక్కరికీ అది తెలిసిపోతుంది. లిస్టు పక్కన పెట్టుకుని, పూర్తయిన కార్డుకల్లా టిక్కు పెట్టించండి.

మామూలు లెటర్ సైజు కాగితం నిలువుగా, అడ్డంగా సగానికి కోస్తే 4 కార్డులొస్తాయి, ఒక్కోటి 4.25 × 5.5 అంగుళాలు. అంటే 7 షీట్లు. 65 పౌండ్ల కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం, పౌండ్లు పెరిగేకొద్దీ మందం ఎక్కువ) తీసుకోండి. 110 పౌండ్లది ఇంటి ప్రింటర్లో కాగితం మలుపు తిరిగే చోట ఇరుక్కోవచ్చు. అతికించడానికి గ్లూ స్టిక్ వాడండి, తెల్ల జిగురు తడికి కాగితం ఉబ్బి వంకర తిరుగుతుంది. గుండె బొమ్మ కత్తిరించేటప్పుడు కాగితం మడిచి, మడత ఉన్న వైపే సగం బొమ్మ గీయాలి. తెరిచి ఉన్న వైపు గీస్తే రెండు ముక్కలు చేతికొస్తాయి. పిల్లలందరూ చేసే పొరపాటే ఇది.

క్యాండీ విషయం టీచర్ ఉత్తరంలో చూడండి. చాలా స్కూళ్లు అలర్జీల వల్ల తినేవి వద్దంటాయి. ఒప్పుకున్నా, పదార్థాల లేబుల్ ఉన్న ప్యాకెట్లే అడుగుతాయి. కాబట్టి ఇంట్లో చేసిన సున్నుండలు, కాజూ కత్లీ అస్సలు పంపకండి. పెన్సిల్, స్టిక్కర్, రబ్బరు హాయి. మీ పాప ఇంటికి తెచ్చే సంచిలో గమ్మీలు, మార్ష్‌మాలోలు ఉంటే, శాకాహారులైతే లేబుల్ మీద జెలటిన్ (జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది) ఉందేమో చూసుకోండి.

పెన్సిల్ పెట్టాలంటే హోల్ పంచ్ వాడొద్దు. దాని రంధ్రం 6 మిల్లీమీటర్లు, పెన్సిల్ దాదాపు 7, దూరిస్తే కార్డు చిరుగుతుంది. కార్డు మధ్యలో పైనుంచి ఒకటిన్నర అంగుళం దగ్గర ఒకటి, కిందనుంచి అంతే దూరంలో ఇంకొకటి, అరంగుళం అడ్డగాట్లు పెట్టి, వాటిలోంచి పెన్సిల్ దూర్చండి. గాట్లు ఇంకా పొడుగైతే పెన్సిల్ జారిపోతుంది. కట్టర్ పట్టే పని పెద్దవాళ్లదే.

ఇక రాత. అసలు పని అదే, అది పాప చేతులమీదుగానే జరగాలి. ‘ఫ్రమ్’ దగ్గర క్లాసులో పిలిచే పేరు రాయించండి, ఇంటిపేరుతో సహా పూర్తి పేరు 25 సార్లంటే ఏడుపే. అదే పేరున్న బిడ్డ ఇంకొకరుంటే ఇంటిపేరు మొదటి అక్షరం చేర్చండి. ‘టు’ దగ్గర పేర్లు రాయాలో, ఖాళీగా వదలాలో టీచర్నే అడగండి. చదవడం ఇంకా రాని చిన్న క్లాసుల్లో ఖాళీగా ఉంటేనే పంచడం తొందరగా అయిపోతుంది. రోజుకు 5 కార్డులు, 5 రోజులు. ఒక్క సాయంత్రమే కూర్చోబెడితే పదో కార్డుకే అక్షరాలు చెదిరిపోతాయి. నున్నటి మెరుపు కార్డులు కొంటే వాటిమీద పెన్సిల్ పడదు, స్కెచ్ పెన్ను చెరిగిపోతుంది, పర్మనెంట్ మార్కర్ కావాలి.

కార్డులు వేయించుకునే డబ్బా ఇంటినుంచే తెమ్మంటే చెప్పుల పెట్టె చాలు. మూతకు, పెట్టెకు రంగు కాగితం విడివిడిగా చుట్టండి. కలిపి చుట్టేస్తే తీయడానికి చింపాల్సిందే. మూతలో 6 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు కంత పెట్టండి, పెన్సిల్ ఉన్న కార్డు కూడా నిలువుగా దిగుతుంది. పేరు పెట్టె ముందువైపు పెద్దగా రాయించండి.

తేదీ కూడా చూసుకోండి. 2027లో ఫిబ్రవరి 14 ఆదివారం, మర్నాడు ప్రెసిడెంట్స్ డే సెలవు. పార్టీ 12న శుక్రవారమే పెట్టేయొచ్చు. కొన్ని స్కూళ్లకు ఆ శుక్రవారం కూడా సెలవే, అప్పుడు గురువారానికే కార్డులు సంచిలో ఉండాలి.