పాత ప్రార్థనాలయాల ఫోటో నడక: ఏది ముందు, ఏది తరువాత?

ప్రశ్న: మేము 14 మంది ఔత్సాహిక ఫోటోగ్రాఫర్లం. పల్లెల్లో ఉన్న నాలుగు పాత ప్రార్థనాలయాలను (ఒక గుడి, ఒక మసీదు, రెండు చర్చిలు) ఒకే రోజున చూసి ఫోటోలు తీయాలని, దూరం తక్కువగా ఉండేలా దారి గీసుకున్నాము. నిరుడు ఇలాగే వెళ్తే లోపల తీసినవన్నీ సగం తెల్లగా, సగం చీకటిగా వచ్చాయి. ఈసారి ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీ ఉత్తరంలో "దూరం తక్కువగా ఉండేలా" అన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది. నడక వరుసను దూరాన్ని బట్టి కాకుండా, ఏ కట్టడం ఏ దిక్కుకు తిరిగి ఉందో చూసి వేసుకోండి. గుళ్లు ఎక్కువగా తూర్పు ముఖంగా ఉంటాయి కనుక ఉదయపు ఎండ ద్వారం గుండా మండపంలోకి ఎంతో కొంత దూరం వస్తుంది. పాత చర్చిలలో సంప్రదాయంగా బలిపీఠం తూర్పు కొసన, ప్రధాన ద్వారం పడమటి గోడకు ఉంటాయి కనుక, ఉదయం లోపల నిలబడి బలిపీఠం వైపు కెమెరా పెడితే కిటికీలోంచి ఎండ సూటిగా లెన్సులోనే పడుతుంది. అదే చర్చి ముఖభాగం సాయంత్రం ఎండలో నిండుగా వెలుగుతుంది. మసీదులో కిబ్లా గోడ (నమాజుకు ఎదురుగా నిలబడే గోడ) మక్కా వైపు ఉంటుంది కాబట్టి, మసీదు ఉన్న ఊరు ఎక్కడుందో దాన్ని బట్టి దిక్కు మారిపోతుంది. వీటన్నిటికీ మినహాయింపులు ఉన్నాయి. పైగా సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించేది మార్చి, సెప్టెంబరు నెలల్లో వచ్చే విషువత్తుల (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల) సమయంలోనే. అందుచేత మీలో ఒకరు ముందుగా వెళ్లి, ఫోనులోని దిక్సూచితో దిక్కులు చూసి, ప్రార్థన వేళలు కూడా అడిగి రాసుకుని రావాలి. గుడి ఉదయానికి, చర్చిల ముఖభాగాలు సాయంత్రానికి ఉంచుకుంటే మధ్యాహ్నం లోపలి ఫోటోలకు మిగులుతుంది. ఆ రోజు మబ్బు పట్టిందని నిరాశపడకండి. లోపలి పనికి అంతకంటే మంచి వెలుతురు ఉండదు.

ఇక తెలుపు, చీకటి సంగతి. ఫోటోగ్రఫీలో వెలుతురును కొలిచే మెట్టును స్టాపు అంటారు. ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది కనుక పది స్టాపుల తేడా అంటే 1,024 రెట్లు. ఎండ పడుతున్న కిటికీకీ, పైకప్పు దూలాల కింది నీడకీ మధ్య అంత తేడా ఉండటం మామూలే కాబట్టి ఒక్క ఎక్స్‌పోజరులో రెండూ దక్కించుకోవడం కష్టం. కెమెరాను ట్రైపాడ్ మీద ఉంచి, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపెర్చరు (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 వద్ద స్థిరపరచి, షట్టరు వేగాన్ని (వెలుతురు లోపలికి వచ్చే సమయాన్ని) మాత్రమే మార్చుతూ అయిదు ఫ్రేములు తీయండి. ఉదాహరణకు కిటికీ అద్దాల రంగులు 1/60 సెకనులో చక్కగా వస్తుంటే, తరువాతివి 1/15, 1/4, 1 సెకను, 4 సెకన్లు. వీటిని ఇంటికి వచ్చాక కలుపుకోవచ్చు. ఇది మోసమని మీలో ఎవరైనా అంటే, 1851లో ఫ్రాన్సు ప్రభుత్వ సంఘం పాత కట్టడాలను చిత్రించడానికి పంపిన అయిదుగురు ఫోటోగ్రాఫర్లలో ఒకరైన ఎదూవార్ బాల్దూస్ సంగతి చెప్పండి. ఆర్ల్ పట్టణంలోని సెయింట్ ట్రోఫీమ్ మఠపు వసారాను ఆయన ముక్కలు ముక్కలుగా తీసి, అనేక నెగటివులను అతికి ఒకే చిత్రంగా చేశాడు.

ఫ్లాష్ మాత్రం సంచిలోనే ఉంచండి. చాలాచోట్ల అది నిషేధం. నిషేధం లేకపోయినా ఎదురుగా కొట్టే వెలుగు రాతి పనినంతా చదును చేసేస్తుంది. గడప రాయినే చూడండి: తరతరాల పాదాలకు నడుమ భాగం అరిగి, దోసిలి పట్టినంత గుంట పడి ఉంటుంది. పొద్దు వాలి ఎండ పక్కనుంచి పడినప్పుడు ఆ గుంట అంచున సన్నని నీడ గీత తేలుతుంది. ఫ్లాషుతో తీస్తే అక్కడ వట్టి బూడిదరంగు పలక కనిపిస్తుంది.

పద్నాలుగు మందీ ఒకేసారి లోపలికి వెళ్లకండి. నలుగురు లోపల, మిగిలినవారు బయట, పావుగంటకోసారి మారండి. ట్రైపాడ్ కాళ్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, వీపు సంచులు గుమ్మం బయటే దించాలి. మా నడకలో ఒకసారి ఒకాయన సంచితో గిరుక్కున వెనక్కు తిరిగేసరికి దీపపు సెమ్మె ఒరిగి నూనె ఒలికింది. ఎంత తుడిచినా నేలరాయి పీల్చుకున్న మరక పోలేదు.

ప్రశ్న: ప్రార్థన జరుగుతుండగా ఫోటోలు తీయవచ్చా? అనుమతి ఎవరిని అడగాలి?

జవాబు: తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ముందు కనుక్కోండి. పల్లెల్లో పాత ప్రార్థనాలయాలు చాలా సమయం మూసే ఉంటాయి కనుక ఆ మనిషి దొరికితేనే మీ నడక సాగుతుంది. లోపల ఏది తీయకూడదో కూడా ఆ మనిషినే అడగాలి. చాలా గుళ్లలో గర్భగుడిని తీయనివ్వరు. నా మట్టుకు, ప్రార్థన ముగిసేదాకా కెమెరా దించి కూర్చోవడమే ఇష్టం. వారే తీయమన్నా మనుషుల ముఖాలు తీసే ముందు విడిగా అడగండి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరు వాడేటప్పుడు ట్యూబులైట్ల, ఎల్ఈడీల కింద చిత్రంలో అడ్డచారలు రావచ్చు, ఒక ఫ్రేము తీసి చూసుకోండి. తాళం తీసినవారికి తరువాత మంచి ప్రింటు ఒకటి పంపడం మరవకండి.

ప్రశ్న: కింద నుంచి తీస్తే గోపురాలూ గోడలూ వెనక్కి పడిపోతున్నట్టు వస్తున్నాయి. ఎలా సరిచేయాలి?

జవాబు: కెమెరాను పైకెత్తడం వల్లే అలా వస్తుంది. వీలైనంత వెనక్కి జరిగి, కెమెరాను మట్టంగా పట్టి తీసి, కింద అనవసరంగా వచ్చిన నేలను తరువాత కత్తిరించండి. స్థలం లేకపోతే కంప్యూటరులో సరిచేయవచ్చు కానీ, పాత గోడలు కొన్ని నిజంగానే ఒరిగి ఉంటాయి. వాటిని నిటారుగా నిలబెడితే ఉన్నది ఉన్నట్టు చూపలేదన్నమాటే. అనుమానం ఉంటే ఒక దారానికి తాళంచెవి కట్టి, గోడ పక్కన వేలాడదీసి, అది కూడా కనిపించేలా అదనంగా ఒక ఫ్రేము తీసుకోండి. ఇంటి దగ్గర సరిచేసేటప్పుడు ఆ దారం నిటారుగా నిలిస్తే చాలు, గోడను దాని మానాన వదిలేయండి.