నీళ్లు వడకట్టినా చాద్‌లో నారికురుపు ఎందుకు పోవడం లేదు

ఆఫ్రికా దేశం చాద్‌లో నారికురుపు (ఒంట్లోంచి పొడవాటి పురుగు బయటికొచ్చే జబ్బు) పోకపోవడానికి ప్రధాన కారణం కుక్కలు. ప్రపంచమంతా 1986లో దాదాపు 35 లక్షలున్న కేసులు 2023లో 14కి దిగాయి, మరి చాద్‌లో మాత్రం ఎందుకు పోవడం లేదన్నది ప్రశ్న. మనుషుల కేసులే చూస్తే జవాబు దొరకదు. 2012 నుంచి అక్కడ కుక్కల్లోనూ ఈ పురుగు బయటపడుతోంది. వడకట్టే గుడ్డ మనిషిని కాపాడుతుంది, చెరువును కాదు.

1. పురుగు బయటికొస్తున్న కుక్కను కట్టేయాలి. ఎక్కువమంది వదిలేసేది ఇదే. పుండు నీళ్లకు తగిలితే చాలు, పురుగు లక్షల్లో లార్వాలను వదులుతుంది. వాటిని సైక్లాప్స్ అనే నీటి పురుగులు మింగుతాయి, ఆ నీళ్లు తాగినవాళ్లకు మళ్లీ అదే జబ్బు. పురుగు మొత్తం బయటికి రావడానికి వారాలు పట్టొచ్చు. అన్నాళ్లూ కట్టే ఉంచాలి, తిండీ నీళ్లూ అక్కడికే తెచ్చివ్వాలి. కుక్క యజమానికి ఇది నిజంగా కష్టమే, ఊరంతా సాయపడాలి.

2. చేపల ద్వారా కూడా ఈ లార్వాలు ఒంట్లోకి చేరొచ్చు కాబట్టి చేప పేగులు కుక్కలకు వేయకుండా పాతిపెట్టాలి. చేపను బాగా ఉడికించి తినాలి.

3. చెరువులో టెమిఫాస్ (సైక్లాప్స్‌ను చంపే మందు) చల్లించాలి.

ఫలితం వెంటనే కనిపించలేదని టెన్షన్ పడొద్దు. ఒంట్లో చేరిన పురుగు బయటపడటానికే సుమారు ఏడాది పడుతుంది.