జియస్‌ను దేవేంద్రుడనవచ్చునా?

సందేహం: పిల్లల కోసం గ్రీకు పురాణకథలను తెలుగులో రాస్తున్నాను. నా రాతప్రతి చూసిన మిత్రులొకరు 'జియస్' అన్నచోటల్లా 'దేవేంద్రుడు' అని దిద్దారు. ఇద్దరూ దేవతల రాజులే, ఇద్దరి ఆయుధమూ వజ్రమే, పరస్త్రీల విషయంలో ఇద్దరూ తప్పు చేసినవారే కనుక పిల్లలకు తేలికగా అర్థమవుతుందని వారి వాదం. మరొకరు జియస్, వేదంలోని ద్యౌస్సు ఒకే మాట అని, 'ద్యౌష్పిత' అని రాయమన్నారు. ఏది ఒప్పు? జ్యూస్, జూస్, జియస్ అనే రూపాలలో ఏది రాయాలి?
— ఒక ఉపాధ్యాయిని, తెనాలి

సమాధానం: మీ మిత్రులిద్దరిలో ఒకరు పనులు చూసి మాట్లాడారు, మరొకరు పేరు చూసి మాట్లాడారు. ఎవరి మాటలోనూ అబద్ధం లేదు. అయినా ఈ దిద్దుబాట్లలో దేన్నీ ఉన్నదున్నట్టుగా రాతప్రతిలోకి ఎక్కించవద్దనే నా సలహా.

ముందు పేరు సంగతి చూద్దాం. ఈ దేవుడి పేరుకు గ్రీకులో ప్రథమావిభక్తి రూపం 'జెవుస్', షష్ఠీవిభక్తి రూపం 'దిఓస్'. మనవాళ్ళు ప్రథమను మాత్రమే చూసి ఆగిపోతారు కనుక ఇందులోని చుట్టరికం వారికి కనిపించదు. సంస్కృతంలో 'ద్యౌః' అనే మాటకు షష్ఠి 'దివః'. ఈ రెండు షష్ఠులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇక వేరే సాక్ష్యం అక్కరలేదు. అయినా సంబోధన ఇంకా బలమైన సాక్ష్యం. హోమరు కావ్యాలలో వీరులు చేతులు పైకెత్తి 'జెవ్ పాతెర్', అంటే 'తండ్రీ జియస్' అని మొరపెట్టుకుంటారు. ఋగ్వేదం ఆరవ మండలం 51వ సూక్తంలో ఋషి ఆకాశాన్ని 'ద్యౌష్పితః' అనీ, ఆ వెంటనే భూమిని తల్లి అనీ పిలుస్తాడు. రోమనులు ఈ రెండు మాటలనూ కలిపి ఒకే పేరు చేసుకున్నారు, అదే జూపిటర్. వేల యేళ్ళ కిందట ఒకే భాష మాట్లాడిన జనం ఆకాశాన్ని తండ్రిగా పిలిచిన పిలుపు మూడు భాషలలో ఇలా నిలిచి ఉంది. మన వాడుకలోని దివి, దివిజులు, ద్యుమణి, దేవుడు అన్న మాటలన్నీ ఆ ఇంటివే.

'ద్య' ఎక్కడ, 'జ' ఎక్కడ అని తెలుగువారు మాత్రం అడగరాదు. ద్యూతం మన నోట జూదమయింది కదా! అద్య అన్న మాట ప్రాకృతంలో అజ్జ అయింది, విద్యుత్తు విజ్జు అయింది, వైద్యుడు వెజ్జయి తెలుగులో వెజ్జుగా స్థిరపడ్డాడు. దకారానికి యకారం తోడైతే నాలుక జకారం వైపు జారడం ఎన్నో భాషలలో ఉన్నదే. గ్రీకులోనూ ఆ జారుడు స్పష్టంగా కనిపిస్తుంది: మన 'పద్' శబ్దానికి జ్ఞాతి అయిన మాటకు యకారంతో మొదలయ్యే ప్రత్యయం చేరి 'పెజోస్' అయింది, కాలినడకన పోయేవాడని దాని అర్థం. ద్యూతాన్ని జూదం చేసిన మార్పే ఆ దేశంలో, ఆ కాలంలో, తన దారిన తాను జరిగి, ద్యౌస్సుకు అన్నగారో తమ్ముడుగారో అయిన మాటను జెవుస్‌గా మార్చింది. సంస్కృతం నుండి గ్రీకులు ఈ పేరు ఎత్తుకుపోయారని కొందరు ఉత్సాహంగా రాస్తున్నారు. అది తప్పు. తోబుట్టువులలో ఒకరిని మరొకరికి తల్లిని చేయకూడదు. గ్రీకులో దేవుడికి 'థెఓస్' అన్న మాట ఉంది కనుక అదీ మన 'దేవ' శబ్దమే అనడం మరొక తప్పు. ఆ రెండింటికీ ధాతువులే వేరు. పోలిక చెవికి ఇంపుగా ఉన్నంత మాత్రాన వ్యుత్పత్తి కాదని భాషాశాస్త్రం చదివినవారైనా గుర్తుంచుకోవాలి.

అయితే 'ద్యౌష్పిత' అని ఎందుకు రాయకూడదు? పేరు కలిసినా మనిషి కలవలేదు కనుక. ఋగ్వేదంలో ద్యౌస్సుకు ఒంటరిగా ఒక్క సూక్తమైనా లేదు. భూమితో జతగా, ద్యావాపృథివులుగానే స్తుతి అందుకున్నాడు. ఆయన తండ్రే కాని రాజు కాడు. పిడుగు, వాన, యుద్ధం, రాజరికం అన్నీ ఇంద్రుడి చేతికి పోయాయి. గ్రీసులో అలా పంపకం జరగలేదు. ద్యౌస్సు పేరూ, ఇంద్రుడి పనులూ ఒక్కడి దగ్గరే ఉండిపోయాయి. అమరకోశం ఇంద్రుడికి చెప్పిన పేర్లలో 'దివస్పతి' ఒకటి. అందులోని 'దివః' ఇందాక మనం చూసిన షష్ఠే. మన ఇంద్రుడు ఆకాశానికి అధిపతి. జియస్ పేరును బట్టి ఆకాశమే. ఈ తేడా ఒక్కటి తెలిస్తే మీ మిత్రులిద్దరి వాదాలూ ఎక్కడ ఆగిపోయాయో తెలుస్తుంది.

ఇక దేవేంద్రుడి సంగతి. తెలుగువాడి దృష్టిలో ఇంద్రత్వం ఒక పదవి. ఇంద్రపదవి, ఇంద్రభోగం అంటాము. ఎవరినైనా ఆకాశానికెత్తితే ఇంద్రుడని, చంద్రుడని పొగిడారంటాము. మన్వంతరం మారితే ఇంద్రుడూ మారతాడు. నహుషుడు మనిషై ఉండి ఆ గద్దె ఎక్కి, మదించి, పామై కిందపడ్డాడు. వామనుడు అణచిన బలి చక్రవర్తికే రాబోయే సావర్ణి మన్వంతరంలో ఇంద్రపదవి రాసిపెట్టి ఉందని భాగవతం చెబుతుంది. కనుక మన ఇంద్రుడి భయమంతా పదవీభయం. ఎవరు తపస్సు చేసినా, ఎవరు నూరో అశ్వమేధం తలపెట్టినా ఆయనకు నిద్ర పట్టదు.

జియస్ భయం వేరు. తాత ఔరానోస్‌ను తండ్రి క్రోనస్ పడగొట్టాడు. కొడుకుల చేత తనకూ అదే గతి పడుతుందని క్రోనస్ పుట్టిన బిడ్డను పుట్టినట్టే మింగాడు. కడసారి తల్లి రేయా గుడ్డలో రాయి చుట్టి ఇచ్చి పసివాడిని క్రీటు దీవిలో దాచింది. ఆ దాగినవాడే జియస్. తండ్రిని పదేళ్ళ యుద్ధంలో గెలిచినవాడు, తన మొదటి భార్య మేటిస్‌కు కలగబోయే కొడుకు తనను కూలదోస్తాడని విని, గర్భవతిగా ఉన్న ఆమెనే మింగివేశాడు. థేటిస్ అనే సముద్రదేవతకు పుట్టే కొడుకు తండ్రిని మించినవాడవుతాడని తెలిసి, ఆమె మీద మనసు చంపుకుని పీలియస్ అనే మానవుడికి కట్టబెట్టించాడు. ఇది వారసత్వభయం. ఇక్కడ దేవేంద్రుడని దిద్దితే, కొడుకు జయంతుడి వల్ల ఇంద్రుడికి ఆపద ఎప్పుడు వచ్చిందని తెలివైన పిల్ల అడుగుతుంది. మీరేం చెబుతారు?

తప్పుల పోలిక నిజమే. ఇంద్రుడు గౌతముడి వేషంలో అహల్య దగ్గరకు వెళ్ళినట్టే, జియస్ ఆంఫిట్రియోన్ వేషంలో అతడి భార్య ఆల్క్మీనీ దగ్గరకు వెళ్ళాడు. అలా పుట్టిన కొడుకే హెరాక్లిస్. కాని ఇంద్రుడికి శాపం తగిలింది. మన కవులు ఎంత శృంగారం కుమ్మరించినా ఆ శాపాన్ని వదలలేదు. జియస్‌ను శపించగల ఋషి ఆ దేశంలో లేడు. భార్య హేరా సణుగుతుంది, అలుగుతుంది, పగ మాత్రం ఆ స్త్రీల మీదా, వారి పిల్లల మీదా తీర్చుకుంటుంది. తప్పు చేసిన రాజుకు శిక్ష లేకపోవడమే ఆ కథలలోని చేదు. దేవేంద్రుడని రాసిన క్షణాన ఆ చేదు పోయి, చదివేవాడు గౌతముడి కోసం ఎదురు చూస్తాడు.

తండ్రిగా వారిద్దరినీ పోల్చి చూడండి. అర్జునుడి కోసం ఇంద్రుడు ముసలి బ్రాహ్మణుడై కర్ణుడి ముందు చేయి చాచి కవచకుండలాలు అడిగాడు. భారతం అరణ్యపర్వశేషంలో ఎఱ్ఱన ఆ ఘట్టాన్ని తెలుగు చేశాడు. కొడుకును కాపాడుకోవడానికి దేవతల రాజు యాచకుడయ్యాడు. హోమరు ఇలియడ్ పదహారవ సర్గలో జియస్ కొడుకు సార్పెడాన్ చావు దగ్గరపడుతుంది. ఎత్తుకుపోయి బతికించనా, చావనివ్వనా అని జియస్ ఊగిసలాడతాడు. హేరా ఆయనను మందలిస్తుంది: చేయదలచుకుంటే చేయి, కాని మేమెవరమూ మెచ్చము, నీవు నీ కొడుకును తప్పిస్తే రేపు ప్రతి దేవుడూ తన కొడుకును తప్పిస్తానంటాడు. ఒలింపస్ కొండను కనుబొమ కదలికతో వణికించగలిగినవాడు ఆ మాటకు ఎదురు చెప్పడు. కొడుకు గౌరవార్థం నేల మీద నెత్తుటి చినుకులు కురిపించి ఊరుకుంటాడు. నేను హోమరును ఎన్నిసార్లు తెరిచినా ఆగేది ఇక్కడే. అంత బలవంతుడి చేతులు కట్టుబడిపోవడాన్ని ఇంత తక్కువ మాటలలో చెప్పిన కవి అరుదు. ఆ చినుకుల కింద దేవేంద్రుడి పేరు రాయడానికి నాకు మనసొప్పదు.

వజ్రం గురించి. దధీచి వెన్నెముక లేకుండా తెలుగువాడికి వజ్రాయుధం లేదు. జియస్ ఆయుధం సైక్లోపులనే ఒంటికంటి వారు ఇచ్చినది. హెసియడ్ కవి వారిచ్చిన కానుకలను మూడు మాటలలో చెప్పాడు; అవి సరిగ్గా మన ఉరుము, పిడుగు, మెరుపు. ఇంత చక్కటి జత దొరికినప్పుడు అరువు ఎందుకు? ఇప్పటి అనువాదాలలో 'ఉరుముల దేవుడు' అన్న మాట విరివిగా కనబడుతున్నది. అది ఇంగ్లీషును చూసి రాసిన తెలుగు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అన్న సామెతలో ఉరుము పడుతుంది, నిజమే. కాని చేతపట్టి విసిరేది పిడుగే. 'పిడుగు విసిరే జియస్' అని రాయండి. 'థండర్ గాడ్' అని పిల్లల పుస్తకంలో రాసేవారికి తెలుగు మీద ఏ పగ ఉందో నాకు తెలియదు.

గ్రీకు పేరును ఉన్నదున్నట్టుగా తెచ్చుకుంటే తెలుగుతనం పోతుందన్న బెంగ కూడా అక్కరలేదు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడే ఆ పని చేశాడు. బృహజ్జాతకంలో సూర్యుడికి హేలి, కుజుడికి ఆర, శుక్రుడికి ఆస్ఫుజిత్తు, శనికి కోణుడు అన్న పేర్లున్నాయి. ఇవి హేలియోస్, ఏరీస్, ఆఫ్రొడైటీ, క్రోనస్‌లే. జియస్ తండ్రి అలా మన జ్యోతిషంలోకి వచ్చి కూర్చున్నాడు. గురుడికి అక్కడ చెప్పిన 'జీవ' అన్న పేరు జియస్‌దేనని కొందరు పండితులు ఊహించారు. జీవశబ్దానికి సంస్కృతంలో సొంత అర్థం ఉంది కనుక నేను దాన్ని రూఢిగా చెప్పను, కాదనీ అనను.

రూపం విషయంలో నా తీర్పు మెత్తనిదే. 'జ్యూస్' వద్దు, పిల్లలకు బత్తాయిరసం గుర్తుకు వస్తుంది. 'జూస్' ఇంగ్లీషు ఉచ్చారణకు దగ్గరది, జూదంలోని దంత్య జకారంతో పలికితే వినడానికీ బాగానే ఉంటుంది. కాని ఇంగ్లీషువారి నోటిని మనం ఎందుకు మోయాలి? మూలానికి దగ్గరది 'జెవుస్'. అయితే ఎకారం ముందు జకారం తెలుగులో తాలవ్యమవుతుంది కనుక అదీ పూర్తిగా మూలం కాదు, పైగా పాఠకుడికి కొత్త. ఇప్పటికి 'జియస్' అని రాసి, మొదటిసారి వచ్చినచోట 'గ్రీకు దేవతల రాజు' అని చేర్చండి. మన ఇంద్రుడిని తలపిస్తాడని అక్కడే ఒకమాట అనుకోవచ్చు, ఒక్కసారికి. ఎవరైనా పట్టుబట్టి పుస్తకమంతటా 'జెవుస్' అని రాస్తే మాత్రం నేను దిద్దను.