ట్యూబు వెనక చిన్న అక్షరాలు

ప్రశ్న: మాస్టారూ, ఆరేళ్ల కిందట మా అమ్మ బొమ్మ ఆయిల్ రంగుల్లో వేసి, హాల్లో కిటికీకి ఎదురుగా తగిలించాను. గులాబీ రంగు చీర. అలిజరిన్ క్రిమ్సన్‌లో తెల్లరంగు కలిపి వేశాను. ఇప్పుడు మడతల్లో ముదురు ఎరుపు అలాగే ఉంది, కొంగు మాత్రం వెలిసి తెల్లబడింది. ఖరీదైన ట్యూబే కొన్నాను. తప్పెక్కడ జరిగింది? బాగుచేసుకునే దారి ఉందా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పు మీ చేతిది కాదమ్మా, ఆ రంగుది. ఇదే దెబ్బ నేనూ తిన్నాను. మా మేనకోడలి పెళ్లికి ముద్దమందారాల బొమ్మ వేసిచ్చాను. నాలుగేళ్ల తర్వాత వాళ్లింటికి వెళితే, సోఫా పైన పూలన్నీ పాలిపోయి ఉన్నాయి. "మామయ్యా, నీళ్లు పోయడం మర్చిపోయాం" అని నవ్వింది. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

మంజిష్ఠ జాతి మొక్కల వేళ్లలో ఉండే ఎరుపే అలిజరిన్. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు దాన్ని బొగ్గు తారులో దొరికే పదార్థం నుంచి తయారుచేశారు. అంటే మీరు వాడినదీ కృత్రిమ రంగే, కాకపోతే పాతకాలంది. చిక్కగా పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది. తెల్లరంగులో కలిపితే ఎర్ర రేణువులు తగ్గిపోతాయి, ఆ కొద్దిపాటి వాటినీ వెలుతురు తినేస్తుంది. అందుకే మడతలు మిగిలాయి, కొంగు పోయింది. వాన్ గోహ్ అంతటివాడికీ ఇది తప్పలేదు. 1890లో ఆయన వేసిన గులాబీ రంగు పూలు ఇప్పుడు తెల్లపూలలా కనిపిస్తాయి. ఆయన్ని ముంచింది ఇయోసిన్ అనే మరో ఎరుపు.

ఇకమీదట షాపులో ట్యూబు ముందున్న అందమైన పేరు చూడకండి, తిప్పి వెనక చూడండి. కళ్లజోడు పెట్టుకుంటేగానీ కనపడనంత చిన్నగా ఒక కోడ్ ఉంటుంది. పి.ఆర్.83 అని ఉంటే మన పాత నేస్తం అలిజరినే, తిరిగి అక్కడే పెట్టేయండి. పి.వి.19 అని ఉంటే క్వినాక్రిడోన్, వెలుతురుకు ఆగే రంగు. 1958లో మార్కెట్లోకి వచ్చింది, కార్ల పెయింట్లలోనూ వాడారు. ఎండలో నిలబడే కారుకు పనికొచ్చింది మీ హాలుకు పనికిరాదా? క్యాడ్మియం రెడ్ పక్కన 'హ్యూ' అని కనిపిస్తే మాత్రం, ఆ ఛాయే తప్ప అందులో క్యాడ్మియం లేదని అర్థం.

కొత్త రంగులన్నీ సాధుజీవులని చెప్పను. థాలో బ్లూ ఆవగింజంత తీసుకున్నా చాలు, ప్యాలెట్ మీద తెల్లరంగంతా నీలం చేసి కూర్చుంటుంది. నా బనియన్లను అడగండి, చెబుతాయి!

ఇక మీ బొమ్మ సంగతి. పోయిన రంగు తిరిగి రాదు, పైన కొత్తది వేయొచ్చు. వార్నిష్ వేసి ఉంటే ముందు దాన్ని తీయించాలి. ఆ పని మీరు చేయకండి, తెలిసినవాళ్లకివ్వండి. వార్నిష్ లేకపోతే మెత్తని గుడ్డతో దుమ్ము తుడిచి, పి.వి.19ని లిన్‌సీడ్ నూనెలో బాగా పలచన చేసి, కొంగు మీద ఒక్క పొర వేయండి. ముందు ఏదో ఒక మూల వేసి చూసుకోండి. ఎక్కువనిపిస్తే తడి ఆరకముందే గుడ్డతో తీసేయొచ్చు. ముఖం జోలికి మాత్రం వెళ్లకండి.

కొత్త ట్యూబు ఏది కొన్నా, నేను అట్టముక్క మీద ఒక పట్టీ పూసి, సగం నల్లకాగితంతో మూసి, మూడు నెలలు దక్షిణం కిటికీలో పెట్టి, రెండు సగాలకూ తేడా వచ్చిందేమో చూస్తాను. మా ఆవిడ వాటిని చెత్త అనుకుని రెండుసార్లు పారేసింది. ఇప్పుడు ప్రతి అట్ట మీదా 'పారేయొద్దు' అని రాస్తున్నాను.

అన్నట్టు, అమ్మగారి బొమ్మను ఆ కిటికీ ఎదుట నుంచి ఈరోజే తీసేయండి.