ఎస్టీమ్‌కి ఏ సస్పెన్షన్ వేయాలి, చదువు మానేయాలా?

మిర్యాలగూడ నుంచి ఆటోమొబైల్ డిప్లొమా రెండో సంవత్సరం కుర్రాడు రాశాడు. వాళ్ల నాన్నది ట్రాక్టర్ ట్రాలీల వెల్డింగ్ షాపు. ఇతను పాత మారుతి ఎస్టీమ్ కారు ఒకటి కొన్నాడు. డ్రాగ్ రేసుకి (తిన్నటి దారిలో ఎవరు ముందు చేరతారో చూసే పోటీ) సస్పెన్షన్ ఏది వేయాలి, చాసిస్ ఎట్లా గట్టి చేయాలి, చదువు మానేసి ఇదే పనిలో దిగనా అని అడుగుతున్నాడు.

తమ్ముడూ, మానొద్దు. ముందు కారు సంగతి చెప్తా, నీ కెరీర్ సంగతీ అందులోనే తేలుతుంది.

వడ్ల లోడుతో ట్రాక్టర్ గట్టెక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, చూసే ఉంటావు. డ్రాగ్ కారు కదిలే క్షణంలో జరిగేదీ అదే, బరువు వెనక్కి పోతుంది. వెనక చక్రాలతో నడిచే కారుకి అది కలిసొస్తుంది, అందుకే వాటికి ముందు తేలిగ్గా సాగే డాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), వెనక యాక్సిల్‌ని పట్టి ఉంచడానికి లాడర్ బారో ఫోర్ లింకో అనే కడ్డీలు పెడతారు. నీ ఎస్టీమ్ ముందు చక్రాలతో లాగే బండి! అమెరికా వీడియోలు చూసి ముందు మెత్తగా చేశావంటే బరువు వెనక్కి పోయి ముందు టైర్లు ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి, పొగ తప్ప ఏమీ రాదు. నీకు కావాల్సింది ఉల్టా: వెనక కూర్చోకుండా గట్టి స్ప్రింగులు, ముందు పైకి లేవకుండా రీబౌండ్ (సాగేటప్పుడు పట్టే బిగువు) గట్టిగా ఉన్న డాంపర్లు. సస్పెన్షన్ కీళ్లలో అరిగిన రబ్బరు బుష్‌లు మార్చకుండా ఇవన్నీ వేస్తే మాత్రం డబ్బు దండగ.

ఇక చాసిస్. లారీకిలాగా దీనికి విడిగా ఉండదు, బాడీయే చాసిస్. తుప్పు పట్టిన రేకు కోసి కొత్తది వేయాలి, చుక్కలు చుక్కలుగా ఉన్న స్పాట్ వెల్డింగుల మధ్య అతుకులు కలపాలి, లోపల రోల్ కేజ్ (బోల్తా పడితే మనిషిని కాపాడే పైపుల పంజరం) కట్టాలి. కేజ్ కాళ్లను నేరుగా ఫ్లోర్ రేకుకి అతికిస్తే బోల్తా పడ్డప్పుడు పైపు రేకుని చీల్చుకుని కిందికి దిగుతుంది, కాబట్టి వెడల్పాటి ప్లేటు వేసి దానిమీద నిలబెట్టు. జింకు పూత ఉండే జీఐ నీళ్ల పైపు అసలే వద్దు, వెల్డింగ్‌లో ఆ జింకు పొగకి జ్వరం కూడా వస్తుంది. పైపు సైజు, మందం మన దేశంలో మోటార్ రేసుల్ని నడిపే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ రూల్‌బుక్ చూసే కొను.

నేను చదువుకునే రోజుల్లో గో-కార్ట్ ఫ్రేమ్ చేసి, అందంగా ఉండాలని వెల్డింగులన్నీ గ్రైండర్‌తో నున్నగా చేసి పెయింట్ కొట్టాం. రెండో బ్రేకుకే స్టీరింగ్ దగ్గర అతుకు టక్కున ఊడింది. తప్పు నాదే, అతుకు బలాన్ని గ్రైండర్‌తో అరగదీసింది నేనే.

మన దగ్గర ఒట్టి డ్రాగ్ కార్ల మీద ఇల్లు గడవడం కష్టం. కానీ కొలిచి, కోసి, నమ్మకంగా అతికే చెయ్యి ఉన్నోడికి బస్ బాడీ షాపుల నుంచి సస్పెన్షన్ కంపెనీల టెస్టింగ్ దాకా పని ఉంది. మీ షాపులో ఆర్క్ ఎలాగూ వచ్చేసి ఉంటుంది, సన్న పైపులకీ రేకులకీ పనికొచ్చే టిగ్ వెల్డింగ్ కూడా నేర్చుకో. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరు. బాహా, ఫార్ములా భారత్ (విద్యార్థులే బండి కట్టి పోటీపడే పోటీలు) టీములున్న కాలేజీయే చూసుకో, చాసిస్ లెక్కలు అక్కడే ఒంటబడతాయి. అప్పటిదాకా అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట ట్రయల్స్ వేయకు, రోడ్డు మీద రేసు మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద కేసు.

డబ్బు పెట్టే ముందు ఒక పని చెయ్యి. తెలిసిన రైస్ మిల్లులో కాటా ఖాళీగా ఉన్నప్పుడు ఎస్టీమ్ ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి తూకం చూడు, తర్వాత వెనకవి. రెండు అంకెలూ రాసి పంపు, స్ప్రింగుల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.