టెక్ సందేహాలు: సాయంత్రం షిఫ్టుకు ఇంకో లైసెన్సు కొనాలా?

విజయవాడ ఆడిట్ ఆఫీసు నుంచి: మా దగ్గర పగలు ఆరుగురు, సాయంత్రం ఆరుగురు పనిచేస్తారు. కంప్యూటర్లు ఆరే. అందుకని మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ స్టాండర్డ్ లైసెన్సులు 6 తీసుకుని ఒక్కో ఐడీని ఇద్దరికి ఇచ్చాం. ఒక లైసెన్సును 5 కంప్యూటర్లలో వేసుకోవచ్చంటున్నారు కదా, ఇద్దరు వాడితే తప్పేముంది? ఇంకోటి, పోయిన నెల ఒకమ్మాయి ఉద్యోగం మానేసింది. ఆమె మెయిల్స్ పోకుండా ఆ లైసెన్సు కొత్తగా చేరినవాళ్లకు ఇవ్వడం ఎలా?

ఆ 5 కంప్యూటర్లూ ఒకే మనిషివి. ఆఫీసు డెస్క్‌టాప్, ఇంటి ల్యాప్‌టాప్, ఊరెళితే అక్కడున్న ఇంకో సిస్టం, ఇలాగన్నమాట. వీటికి తోడు 5 ట్యాబ్లెట్లు, 5 ఫోన్లు. ఇది నేమ్డ్ యూజర్ లైసెన్సు, అంటే ఎవరి పేరున కేటాయించారో వారే వాడాలి. ఇద్దరూ ఒకేసారి కూర్చోకపోయినా ఇద్దరికీ లైసెన్సు ఉండాల్సిందే. ట్యాలీకి అలవాటుపడిన ఆఫీసుల్లో ఈ తికమక మామూలే. ట్యాలీ ప్రైమ్ సిల్వర్ ఒక కంప్యూటర్‌కు, గోల్డ్ ఒక ల్యాన్‌లో (ఆఫీసు లోపలి నెట్‌వర్క్) ఎన్ని కంప్యూటర్లుంటే అన్నింటికీ వర్తిస్తుంది. సీట్లో కూర్చున్నది ఎవరన్నది అక్కడ లెక్కలోకే రాదు.

నిబంధన సంగతి పక్కన పెట్టినా, ఐడీ పంచుకుంటే రోజూ ఏదో ఒక చిక్కు. ఓటీపీ పగటివాళ్ల ఫోన్‌కు పోతుంది, సాయంత్రంవాళ్లు ఫోన్ చేసి అడగాలి. క్లయింటు ఫైలు ఎవరు డిలీట్ చేశారో లాగ్‌లో తేలదు. ఆడిట్ ఆఫీసుకు ఇది చిన్న విషయం కాదు.

అలాగని 12 స్టాండర్డ్ లైసెన్సులూ కొననక్కర్లేదు. ఒకే సంస్థలో రకరకాల ప్లాన్లు కలిపి వాడుకోవచ్చు. సాయంత్రం షిఫ్టులో మెయిల్ చూసుకుని, చిన్న ఎక్సెల్ షీటు దిద్దేవాళ్లకు బిజినెస్ బేసిక్ చాలు. అందులో వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్‌లోనూ ఫోన్‌లోనూ మాత్రమే వస్తాయి, కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ కావు. మాక్రోలతో (ఎక్సెల్ పనిని దానంతటదే చేయించే చిన్న ప్రోగ్రాములు) పెద్ద వర్క్‌బుక్‌లు నడిపేవారికి మాత్రం స్టాండర్డే ఇవ్వండి, బ్రౌజర్‌లో మాక్రోలు నడవవు. ఒకే కంప్యూటర్‌లో ఇద్దరికీ వేర్వేరు విండోస్ అకౌంట్లు పెట్టి, ఎవరి ఐడీతో వారిని సైన్ ఇన్ అవమనండి. ఒకే సిస్టంలో పలువురు మారుతూ వాడేందుకు షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ అనే పద్ధతి ఉంది గానీ, అది బిజినెస్ ప్రీమియంలో దొరుకుతుంది, స్టాండర్డ్‌లో లేదు. నెలలో ఒక్కసారైనా ఇంటర్నెట్‌కు తగిలించకపోతే యాప్స్ ఫైల్ తెరిచి ప్రింట్ తీయడం వరకే పరిమితమవుతాయి. లాకర్‌లో పెట్టిన స్పేర్ ల్యాప్‌టాప్‌లు సరిగ్గా రిటర్నుల గడువు రోజునే ఇలా మొరాయిస్తుంటాయి.

ఇక మానేసిన ఉద్యోగి సంగతి. ఇక్కడ ఏది ముందు, ఏది వెనుక అన్నదే ముఖ్యం. ముందు మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్‌లో యాక్టివ్ యూజర్స్‌లో ఆమె పేరు తెరిచి సైన్ ఇన్ బ్లాక్ చేయండి, అన్ని సెషన్ల నుంచీ సైన్ ఔట్ చేయించండి. తర్వాత మెయిల్ ట్యాబ్‌లో ‘కన్వర్ట్ టు షేర్డ్ మెయిల్‌బాక్స్’ నొక్కండి. మార్పు పూర్తయ్యాకే లైసెన్సు తీయాలి. ముందే తీసేస్తే మెయిల్‌బాక్స్ 30 రోజులే ఉంటుంది, ఆ తర్వాత తుడిచిపెట్టుకుపోతుంది. షేర్డ్ మెయిల్‌బాక్స్ 50 జీబీ లోపుంటే లైసెన్సు అక్కర్లేదు. ఆ పెట్టెను తెరవాల్సిన ఉద్యోగులను మెంబర్లుగా చేర్చండి. లైసెన్సు తీశాం కదా అని యూజర్ అకౌంట్‌ను డిలీట్ చేయకండి, షేర్డ్ మెయిల్‌బాక్స్ దాని మీదే నిలబడి ఉంటుంది.

ఆమె ఫైళ్లు దాచుకున్న వన్‌డ్రైవ్‌ది వేరే లెక్క. అదే పేజీలోని వన్‌డ్రైవ్ ట్యాబ్‌లో ఫైళ్లకు లింకు సృష్టించుకుని, కావలసినవి లైసెన్సు ఉండగానే ఉమ్మడి ఫైళ్లు పెట్టుకునే షేర్‌పాయింట్‌కో ఇంకో ఉద్యోగి వన్‌డ్రైవ్‌కో కాపీ చేసుకోండి. ఇవన్నీ అయ్యాక ‘లైసెన్సెస్ అండ్ యాప్స్’లో టిక్ తీసి కొత్తవారికి పెట్టండి. ఒకే లైసెన్సును 90 రోజులకోసారి మించి చేతులు మార్చకూడదన్నది షరతు. ఉద్యోగం మానేసినవారి విషయంలో దీనికి మినహాయింపు ఉంది కాబట్టి మీకు ఇబ్బంది లేదు. కొత్తవాళ్లెవరూ రాకపోతే మాత్రం గుర్తుంచుకోండి, టిక్ తీసినంత మాత్రాన బిల్లు తగ్గదు. బిల్లింగ్‌లోకి వెళ్లి లైసెన్సుల సంఖ్య తగ్గించాలి. ఏడాది ఒప్పందమైతే కొన్న లేదా రెన్యూ అయిన 7 రోజుల్లోపే తగ్గించనిస్తారు.

వరంగల్ సివిల్ డిజైన్ సంస్థ నుంచి: పాత నెట్‌వర్క్ లైసెన్సుతో 5 ఆటోక్యాడ్‌లను పదిమంది డ్రాఫ్ట్స్‌మెన్ మార్చుకుంటూ వాడేవాళ్లం. ఇప్పుడు పదీ కొనాలంటున్నారు, నిజమేనా?

రోజూ గీసేవాళ్లందరికీ కొనాల్సిందే. 2020 ఆగస్టు 7 నుంచి ఆటోక్యాడ్ తయారుచేసే ఆటోడెస్క్ నేమ్డ్ యూజర్ పద్ధతికి మారుతూ, ఉన్న ఒక నెట్‌వర్క్ సబ్‌స్క్రిప్షన్‌కు బదులు ఇద్దరి పేర్ల మీద రెండు లైసెన్సులు ఇచ్చింది. ఆ అవకాశం అప్పుడు వాడుకున్నవాళ్లు నష్టపోలేదు.

మీ పదిమందిలో నెలకు నాలుగైదు రోజులే ఆటోక్యాడ్ తెరిచేవాళ్లుంటే వారికి ఫ్లెక్స్ టోకెన్లు (ముందే కొనుక్కుని, వాడిన రోజుకే ఖర్చుపెట్టేవి) చూడండి. ఆటోక్యాడ్‌కు 24 గంటలకు 7 టోకెన్లు తీసుకుంటోంది. నెలకు 4 రోజులైతే ఏడాదికి 336. ఆ ధరను ఏడాది సబ్‌స్క్రిప్షన్ ధర పక్కన పెట్టి చూసుకోండి. రేటు షీటు మారుతుంటుంది కాబట్టి కొనే రోజున మళ్లీ లెక్క కట్టండి. ఇందులో డబ్బులు కారిపోయే చోటు ఒకటుంది. సైటు ఇంజినీరు రెండు నిమిషాలు డ్రాయింగు చూద్దామని ఆటోక్యాడ్ తెరిచినా 7 టోకెన్లూ పోతాయి. చూడ్డానికీ ప్రింటుకీ డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ఉచితం. వారి సిస్టంలో అదొక్కటే ఉంచండి.

విశాఖపట్నం నుంచి: మా ఫ్యాక్టరీలో మానేసినవారి శాప్ (SAP, సంస్థ పనులన్నీ నడిపే సాఫ్ట్‌వేర్) ఐడీలన్నీ లాక్ చేశాం. అయినా లైసెన్సు కొలతలో వాటినీ లెక్కేశారెందుకు?

లాక్ చేస్తే లాగిన్ ఆగుతుందే తప్ప ఐడీ లెక్కలోంచి పోదు. యూజర్ వివరాలు మార్చే ఎస్‌యూ01 (SU01) తెరలో లాగాన్ డేటా ట్యాబ్‌కు వెళ్లి చెల్లుబాటు చివరి తేదీని గడిచిపోయిన తేదీగా మార్చాలి. గడువు తీరిన ఐడీలను, లైసెన్సులు కొలిచే యూఎస్‌ఎంఎం (USMM) లెక్కించదు. ఆ పనిలో ఉండగానే లైసెన్సు రకం ఖాళీగా వదిలేసిన ఐడీలు కూడా చూడండి. రకం చెప్పనిదల్లా ఖరీదైన ప్రొఫెషనల్ యూజర్ కిందికి పోతుంది. ఒకే మనిషికి ఒక సిస్టంలో ఒక ఐడీ, ఇంకో సిస్టంలో ఇంకో ఐడీ ఉంటే కలిపి లెక్కేసేటప్పుడు ఇద్దరవుతారు. ఉద్యోగి నంబరునే ఐడీగా పెడితే ఈ గొడవ ఉండదు.

మీ డీలర్లు వేరే పోర్టల్ నుంచి శాప్‌లోకి ఆర్డర్లు పంపుతుంటే ఒప్పందం మళ్లీ చదవండి. మధ్యలో ఇంకో సాఫ్ట్‌వేర్ ఉంది కదా అని వాళ్లు యూజర్లు కాకుండా పోరు. ఇంగ్లండులో మద్యం కంపెనీ డియాజియో మీద శాప్ 5.4 కోట్ల పౌండ్లకు పైగా అడిగిన కేసులో 2017 ఫిబ్రవరిలో హైకోర్టు ఈ విషయంలో శాప్ వైపే మొగ్గింది. మరుసటి ఏడాది శాప్ ఇలాంటి వాడకానికి మనుషులను కాక, తయారయ్యే డాక్యుమెంట్లను లెక్కపెట్టే ‘డిజిటల్ యాక్సెస్’ పద్ధతి తెచ్చింది. డీలర్లు వందల్లో, ఆర్డర్లు కొద్దిగా ఉంటే మీకు అదే చవక.