నేను రాగానే ఇంట్లో నవ్వులు ఆగిపోతున్నాయి

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు 46 ఏళ్లు. రొయ్యల గుంటలు చేస్తున్నాను. ఇంట్లో అమ్మ, నా భార్య, ఇంటర్ రెండో సంవత్సరం చదివే పాప ఉంటారు. రాత్రి అన్నానికి ఇంటికొచ్చి మళ్లీ గుంటల దగ్గరికి పోతాను. ఈమధ్య ముగ్గురూ టీవీలో యూట్యూబ్ పెట్టుకుని పాత ‘అమృతం’ ఎపిసోడ్లు చూస్తున్నారు. వాళ్ల నవ్వులు వీధిలోకి వినిపిస్తాయి. నా బండి ఆగిన చప్పుడైతే చాలు, అన్నీ బంద్. పాప గదిలోకి పోతుంది, భార్య వంటింట్లోకి పోతుంది, అమ్మ వార్తలు పెట్టమంటుంది. ఒకరోజు చిరాకు పుట్టి, ‘ఇన్ని అప్పులు పెట్టుకుని ఈ ఇకఇకలేంటి’ అని రిమోట్ విసిరేశాను. అప్పట్నుంచి ఇంకా ముభావంగా ఉంటున్నారు. ఆ సీరియల్లో ఎంత గొడవపడినా చివరికి అందరూ ఒక్కచోటే ఉంటారు. మా ఇంట్లో నేనే పరాయివాణ్ని. ఒక్కోసారి గట్టు మీదే ఉండిపోదామనిపిస్తుంది.

జవాబు: ముందుగా మీ చివరి వాక్యం గురించి. గట్టు మీదే ఉండిపోవడమంటే ఇంటికి పోబుద్ధి కాకపోవడమేనా, బతకబుద్ధి కాకపోవడమా? రెండోదే అయితే నా జవాబు మొత్తం చదివేదాకా కూడా ఆగొద్దు. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్ లైన్. డబ్బులేం పడవు, రాత్రిపూటైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మొదటిదే అనుకుని మిగతాది రాస్తున్నాను.

మీ ఉత్తరంలో మీరే రాసి, మీరే గమనించని సంగతి ఒకటుంది. మీరు రాగానే ముగ్గురూ లేస్తున్నారన్నది నిజమే, కానీ ముగ్గురూ ఒకే కారణంతో లేవడం లేదు. మీ భార్య మీకు అన్నం పెట్టడానికి లేస్తున్నారు. మీ అమ్మ వార్తలు పెట్టమనేది కొడుక్కి అవే ఇష్టమని. పాపం, ఆవిడ కూడా తన సరదా మానుకుంటోంది. వీటిని మీరు వెలివేతగా లెక్కేసుకుంటున్నారు. పాప సంగతి వేరు. తను మీ కోసం లేవడం లేదు, మీ నుంచి తప్పుకుంటోంది. ఇది మీకు కష్టంగా ఉన్నా చెప్పాల్సిందే. ఆ వయసు పిల్లలు నాన్న మొహం చూడక్కర్లేదు, బండి స్టాండ్ వేసే చప్పుడును బట్టే ఆ రాత్రి ఎలా ఉంటుందో అంచనా వేసుకుంటారు.

ఇక ‘అమృతం’. అది 2001 నుంచి 2007 దాకా జెమినీ టీవీలో ఆదివారాలు వచ్చేది. మీకు అప్పుడు ఇరవై దాటి ఉంటాయి, మీరూ చూసే ఉంటారు. అందులోవాళ్లకేమీ డబ్బులు మూలగడం లేదు. అమృత విలాస్ అంతంతమాత్రంగా నడిచే హోటల్. హీరో అమృతం స్నేహితుడు ఆంజనేయులు ఐడియా వేయడం, అది బోల్తా కొట్టడం, పైన ఇంటి ఓనర్ అప్పాజీ. టెన్షన్లు మీకన్నా తక్కువేం కాదు. కాకపోతే ఎవరి తిప్పలైనా కాసేపటికే బయటపడిపోతాయి, బయటపడ్డాక అందరూ వాటి మీదే తిట్టుకుంటారు, వాటి మీదే నవ్వుకుంటారు. మీ ఇంట్లో అప్పు మాట ఎప్పుడు బయటపడింది? రిమోట్ విసిరినప్పుడు. అంటే వాళ్లకు మీ అప్పు ఒక లెక్కగా తెలియలేదు, తిట్టుగా తెలిసింది.

ఇంకో తేడా కూడా ఉంది. అలాంటి ఎపిసోడ్ అరగంట స్లాట్‌లో వస్తుంది. ప్రకటనలు పోను మిగిలేది ఇరవై నిమిషాల చిల్లర. గొడవ అందులోనే పుట్టాలి, అందులోనే సర్దుకోవాలి. వచ్చే ఆదివారానికి ఎవరికీ పాత కోపాలు గుర్తుండవు. మీ పాపకు గుర్తుంటాయి. అందుకే ఏమీ జరగనట్టు వెళ్లి పక్కన కూర్చుంటే కుదరదు. ‘ఆరోజు రిమోట్ విసరడం నాదే తప్పమ్మా’ అని పాపతో, మిగతా ఇద్దరి ముందే అనండి. అక్కడితో ఆపేయండి. ‘కానీ నా బాధలు మీకేం తెలుసు’ అని తోక తగిలించారా, ఆ సారీ లేనట్టే.

ఆ తర్వాత ఒకరోజు వాళ్లు టీవీ పెట్టకముందే ఇంటికి రండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ నా దృష్టిలో ఇదే ముఖ్యం. నవ్వుల మధ్యలోకి నడిచొచ్చేవాడి కోసం అందరూ ఆగాలి. ముందే కూర్చున్నవాడి కోసం ఎవరూ ఆగక్కర్లేదు. కాళ్లు కడుక్కుని పళ్లెం హాల్లోకే తెచ్చుకోండి. కూర మీరే వడ్డించుకుంటే మీ భార్య కూడా లేవకుండా చూస్తుంది. అమ్మ అలవాటుగా వార్తలంటే, ‘ఇదే ఉండనీమ్మా’ అనండి. నవ్వు రాకపోతే బలవంతంగా నవ్వొద్దు. ఎవరెవరో అర్థం కాకపోతే పాపనే అడగండి. నాన్నకు తెలియనిది తాను చెప్పడం ఆ వయసులో ఎవరికైనా బాగానే ఉంటుంది. ఫోన్ మాత్రం దగ్గర పెట్టుకోవద్దు. మేత కొట్టు నుంచి ఒక్క ఫోనొస్తే మీ మొహం మారిపోతుంది, దాంతో గది మొత్తం మారిపోతుంది.

అప్పుల మాట టీవీ ముందు ఎత్తొద్దు. మీ భార్యతో విడిగా, పగటిపూట, కాగితం పెట్టుకుని కూర్చోండి. మేతకు ఎంత బాకీ, వడ్డీకి తెచ్చింది ఎంత, రొయ్య కిలోకు నలభై తూగేంత (40 కౌంట్) పెరుగుతుందా లేక కిలోకు 60 తూగేటప్పుడే పట్టేయాలా, ఏ రేటుకు అమ్మితే ఎంత చేతికొస్తుంది. ఆమెకు రొయ్యల సంగతి తెలియదనుకోకండి, ఇన్నేళ్లుగా మీ ఫోన్ మాటలు వింటూనే ఉంది. తెలియనిది అంకె ఒక్కటే. తెలిస్తే భయపడుతుందని దాస్తారు గానీ, ఎంతో తెలియని అప్పుకు ఇంకా ఎక్కువ భయపడతారు. పాపకు ఈ లెక్కలన్నీ వద్దు, తన ఫీజుకు ఇబ్బంది ఉందో లేదో ఉన్నదున్నట్టు చెబితే చాలు.

మీ నిద్ర గురించి కూడా అడగాలి. తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోతుంది, కరెంటు పోయి నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగితే పంట మొత్తం పోవచ్చు. మీరు ఊరికే గట్టు మీద పడుకోవడం లేదని తెలుసు. కానీ నెలల తరబడి కుక్క నిద్రతో గడిపే మనిషికి ఎవరు నవ్వినా చిరాకే వస్తుంది. కరెంటు పోతే ఫోన్‌కు కబురు పంపే అలారం పెట్టెలు దొరుకుతున్నాయి, చాలామంది వాడుతున్నారు. నమ్మకమైన మనిషినో, పక్క గుంట రైతునో మాట్లాడుకుని వారానికి ఒక రాత్రి అయినా ఇంట్లో పడుకోండి. వాళ్లు కాపలా ఉన్న రాత్రికి బదులు ఇంకో రాత్రి వాళ్ల గుంటలు మీరు చూడండి.

మార్చి పరీక్షలయ్యాక పాప చదువుకోసం వేరే ఊరు వెళ్లిపోవచ్చు, కాబట్టి రొయ్యల పట్టుబడి అయ్యాక చూద్దాంలే అని వాయిదా వేయొద్దు. మీరు కూర్చున్నా మొదట్లో తను గదిలోకే పోతుంది. పిలవొద్దు, తలుపు కొట్టొద్దు, తల్లిని పంపి రమ్మనొద్దు. మీరు ముగ్గురూ చూస్తూ ఉండండి. సౌండ్ మాత్రం తగ్గించకండి.